పడవల పాక అత్తరు

నాకు పెళ్ళయ్యేనాటికి మా ఆయన దివిసీమలో కరకట్ట పనుల మీద ఓవర్సీరు. ఉప్పునీళ్ళు పొలాల్లోకి రాకుండా పోసిన మట్టికట్టకి ఏటా ఎక్కడో ఒకచోట గండి పడేది. ఆ గండ్లు పూడ్పించడం ఆయన పని. నాగాయలంక దాటి, కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర, జాలర్ల ఊరి పక్కన ఒక తాటాకు పాకలో ఉండేవారు. అక్కడ కాపురం పెట్టడానికి తగిన ఇల్లు లేదన్నారు. అందుకని నేను గుడివాడలో మా అత్తగారి దగ్గర ఉండిపోయాను.

ఆ ఇంట్లో అత్తగారు, రైసుమిల్లులో గుమాస్తా చేసే బావగారు, మా తోడికోడలు, వాళ్ళ పిల్లలు ఉండేవాళ్ళు. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అలాగని నాతో కూర్చుని మాట్లాడే అవసరమూ ఎవరికీ లేదు. వంట తోడికోడలు చూసుకునేది. పిల్లలకి వాళ్ళమ్మ చాలు. నాకు ఒప్పజెప్పిన పని బట్టలు ఉతకడం, బియ్యం ఏరడం. మధ్యాహ్నం అందరూ పడుకుంటే మిల్లు చప్పుడు ఒకే తీరుగా వినిపిస్తూ ఉండేది. బందరులో మా పుట్టిల్లు అలా ఉండేది కాదు. మా నాన్న బడిపంతులు. ఇంటికి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, పద్యాలూ వాదాలూ, అన్నం తినే వేళ కూడా మాటలే. అలాంటి ఇంట్లోంచి వచ్చిన దాన్ని కాబట్టి ఇక్కడి నిశ్శబ్దం నాకు చలిలా పట్టుకుంది.

మా ఆయన నెలకోసారి వచ్చేవారు. సాయంత్రం బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, అమ్మ దగ్గర కాసేపు కూర్చుని, తర్వాత వీధరుగు మీద పేపరు పట్టుకునేవారు. కోపిష్టి మనిషి కాదు. మాట తక్కువ, అంతే. "ఒంట్లో బాగుంటోందా?" అనేవారు. బాగుందనేదాన్ని. "ఏవన్నా కావాలా?" అనేవారు. ఏం కావాలో చెప్పడానికి నాకే తెలిసేది కాదు. రెండో రోజు మధ్యాహ్నం బస్సుకి మళ్ళీ వెళ్ళిపోయేవారు. పెళ్ళయి ఏడాది గడిచినా ఆయన గురించి నాకు తెలిసింది బస్సు టైములూ, చొక్కా కొలతా మాత్రమే.

ఒకసారి ఆయన తెచ్చిన మాసిన బట్టలు నానబెట్టబోతూ నూతి దగ్గర ఆగిపోయాను. చొక్కాకి ఒక వాసన ఉంది. చెమట వాసన కాదు. మొదట నిమ్మతొక్క గిల్లితే ముక్కుకి తగిలే చురుకు. అది కాస్త తగ్గాక అడుగు నుంచి కొయ్య వాసన, అప్పుడే చిత్రిక పట్టిన టేకు పలక దగ్గర నిలబడ్డట్టు. ఆ రెండింటి వెనక ఇంకేదో ఉంది. ఆరిన ఉప్పుగాలి లాంటిది, కొంచెం పొగలాంటిది. ఇంకో చొక్కా చూశాను. దానికీ ఉంది. తువ్వాలుకీ ఉంది.

ఇది సముద్రం వాసన అయ్యుంటుందని నాకు తోచలేదు. బందరులో పుట్టిన పిల్లని కాబట్టి సముద్రం వాసన నాకు తెలుసు అనుకున్నాను. కార్తీక పౌర్ణమికి ఎడ్లబండి కట్టుకుని మంగినపూడి వెళ్ళి స్నానాలు చేసేవాళ్ళం. అక్కడ మాకు తెలిసిన వాసన నల్లబురద, ఎండుచేపలు, జనం వెలిగించిన అగరొత్తులు. ఇంత శుభ్రంగా, ఇంత అందంగా ఉన్నది సముద్రం కాదు. ఎవరో సీసాలో పోసి అమ్మిందే అయ్యుండాలి.

బట్టలు ఆరేస్తుంటే మా తోడికోడలు వచ్చి నా చేతిలో చొక్కా చూసి, "మరిది గారు అత్తరు ఎప్పట్నించి రాస్తున్నారమ్మా?" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ మనసులో ఏమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు మాత్రం ఆ మాట రోజంతా చెవిలో ఉండిపోయింది. అత్తగారు విని, మగాడు ఉద్యోగం చేసేచోట వెయ్యి వాసనలుంటాయనీ, ఇంటికొచ్చాక సబ్బుతో ఉతికితే పోతాయనీ అన్నారు.

తర్వాతి నెల ఆయన వచ్చినప్పుడు అడిగాను. మీ బట్టలకి ఏదో మంచి వాసన వస్తోంది, ఏమిటది అని. ఆయన చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "నాకేం తెలియట్లేదే," అని పేపరు తిప్పారు. అబద్ధం చెప్పే మనిషిలా లేరు. కానీ అంత ఘాటైన వాసన తెలియకపోవడం ఎలా కుదురుతుంది?

ఆ నెల ఆయన తువ్వాలు ఒకటి ఉతకలేదు. మడిచి నా ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టుకున్నాను. మధ్యాహ్నాలు ఇల్లంతా పడుకున్నాక తీసి మొహానికి ఆనించుకునేదాన్ని. ఆ వాసన మీద నాకు అసూయగా ఉండేది. ఆయన నాకు చూపించని జీవితం ఏదో అందులో ఉందనిపించేది. అయినా అది లేకపోతే ఆ మధ్యాహ్నాలు గడిచేవి కావు. నాకు దక్కిన భర్త ఆ తువ్వాలే అనుకునేదాన్ని.

మా పెదనాన్న కూతురి పెళ్ళికి బందరు పంపించారు. రైల్లో వెళ్ళాను. పెడనలో నేతవాళ్ళు బట్టల మూటలతో ఎక్కారు. పెట్టె అంతా రంగుల వాసన, గంజి వాసన. నేను ఒళ్ళో సంచీ పట్టుకుని కూర్చున్నాను. ఆ సంచీలో తువ్వాలు ఉంది. ఎందుకు తీసుకెళ్తున్నానో ఇంకా నాకే స్పష్టంగా తెలియదు.

పెళ్ళికి అత్తరు కొనాలని మా అమ్మ కోనేరు సెంటరు దగ్గర ఒక సందులోకి తీసుకెళ్ళింది. చిన్న కొట్టు. తెల్లటి గడ్డంతో ఒక సాయిబు గారు గాజు బుడ్ల మధ్య కూర్చుని ఉన్నారు. మా నాన్న దగ్గర చదువుకున్న పిల్లల తాత ఆయన. మమ్మల్ని ఆదరంగా కూర్చోమన్నారు. అమ్మ మల్లె, గులాబీ బేరం చేస్తుంటే నేను సంచీలోంచి తువ్వాలు తీసి ఆయన ముందు పెట్టాను. ఇలాంటి అత్తరు మీ దగ్గర ఉందా అని అడిగాను.

ఆయన తువ్వాలు మడత విప్పి చాలాసేపు వాసన చూశారు. కళ్ళు మూసుకుని మళ్ళీ చూశారు. "ఇది మన సరుకు కాదమ్మా," అన్నారు చివరికి. "ఓడల మీద వచ్చే సీమ సెంటులా ఉంది. దొరలు రాసుకునేవాళ్ళు. బందరులో ఇప్పుడు ఎవరి దగ్గరా ఉండదు."

అమ్మ నా వంక చూసింది.   కరకట్ట మీద మట్టి మోయించే ఓవర్సీరుకి సీమ సెంటు ఎవరిస్తారు? అయినా నోరు తెరిచి, దీనిలాంటిది మీరు చెయ్యగలరా అని అడిగాను. ఆయనకి సరదా పుట్టింది. చూద్దాం, రేపు రమ్మన్నారు.

మర్నాడు ఆయన చేసింది చందనం ఎక్కువై పెళ్ళిపందిరిలా ఉంది. ఆ తర్వాతది నిమ్మ ఎక్కువై షర్బత్తులా ఉంది. పెళ్ళి అయిపోయినా నేను ఏదో వంక పెట్టి ఆగిపోయాను. అమ్మ నాతో వస్తూనే ఉంది, ఎందుకని అడక్కుండా. సాయిబు గారికి పట్టుదల వచ్చేసింది. నారింజ తొక్కలు ఎండబెట్టించారు. దేవదారు నూనె తెప్పించారు. వట్టివేరు వేశారు, తీసేశారు. చివరికి చిటికెడు గుగ్గిలం నూనెలో కరిగించి కలిపాక, ఒక పుల్లకి దూది చుట్టి అందులో ముంచి నా మణికట్టుకి రాశారు.

మొదట నిమ్మ వచ్చింది. కాసేపటికి నిమ్మ పోయి, కొయ్య వచ్చింది. దాని వెనక ఆ పొగ. తువ్వాలు వాసన కంటే ఇది నున్నగా ఉంది, మెత్తగా ఉంది. అయినా అదే. కొట్లో కూర్చునే ఏడ్చేస్తానేమోనని తల వంచుకున్నాను. ఎవరిదమ్మా ఈ తువ్వాలు అని ఆయన అడిగితే, మా అల్లుడిది అని అమ్మ చెప్పింది. ఇంత ఆపేక్షగా వెతికే పెళ్ళాం ఉన్నవాడు అదృష్టవంతుడన్నారు ఆయన.

ఇంటికి నడుస్తుంటే అమ్మ ఒక మాట అంది. "నువ్వు అడగాల్సింది అత్తరు సాయిబుని కాదే."

ఆ తర్వాత ఆయన గుడివాడ వచ్చిన రోజు, బస్సు వేళకి ముందే తల దువ్వుకుని, మెడకీ మణికట్లకీ ఆ అత్తరు రాసుకున్నాను. నోటితో అడగలేనిది అలా అడుగుదామనుకున్నాను. పొద్దుగూకుతోంది. నూతి దగ్గర ఆయన కాళ్ళు కడుక్కుంటే తువ్వాలు అందించాను. ఆయన అందుకోబోయి ఆగారు. నా మణికట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఇది ఎక్కడిది?" అన్నారు.

"మీరెక్కడ తెచ్చుకున్నారో అక్కడిదే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయనకి అర్థం కాలేదు. "బాబాయి పాకలో నిలబడ్డట్టుంది," అన్నారు. అని నూతి గట్టు మీద కూర్చున్నారు. తర్వాత, పెళ్ళయ్యాక మొదటిసారి, నేను అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు.

ఆ ఊళ్ళో మొగ దగ్గర పడవలు కట్టే వడ్రంగి ఒకాయన ఉన్నాడు, ముసలాయన. బాబాయి అని ఈయన పిలిచేది ఆయన్నే. ఒక పెద్ద పాకలో భార్యాభర్తలిద్దరే ఉంటారు. పుట్టిన పిల్లలు దక్కలేదు. కరకట్ట పని సాయంత్రానికి ఆగిపోతే ఈయన తన పాకలో ఒక్కడూ కూర్చోలేక మొదట్లో గట్టు మీద పిచ్చివాడిలా తిరిగేవారట. ఒకరోజు ముసలాయన పిలిచి రంపపు పొట్టు మీద గోనె పరిచి కూర్చోమన్నాడు. అప్పట్నించి రోజూ అక్కడే. టేకు, మద్ది పలకలు చిత్రిక పట్టినవి ఒకపక్క, పలకల సందులు పూడ్చడానికి కాచే గుగ్గిలం ఒకపక్క. ముసలమ్మ చేపలు కడిగి, చేతికి నీచు పోవడానికి నిమ్మచెక్క రుద్దుకుంటుంది. లంకల నుంచి పడవల మీద నిమ్మకాయలు వస్తాయి. వాడేసిన తొక్కలు ఎండబెట్టి, ముసలాయన ఈయనకి చేసిచ్చిన టేకు పెట్టెలో బట్టల మధ్య వేస్తుంది, పురుగు పట్టకుండా. రాత్రి అన్నం కూడా ఆవిడే పెడుతుంది.

"వాసనేమో నాకు తెలీదు," అన్నారు. "రోజూ అందులోనే ఉంటానుగా."

నేను నూతి పక్కన నిలబడే ఉన్నాను. సీమ సెంటు, దాన్ని ఇచ్చిన ఎవరో ఆడమనిషి, ఇన్నాళ్ళు నేను కట్టుకున్న కథంతా ఏమయిందో తెలియదు. నాకు సంతోషం రావాలి. దాని బదులు, చీకటి పడ్డాక గట్టు మీద ఒంటరిగా తిరిగే మనిషి కనిపించాడు. ఇక్కడ నేను, అక్కడ ఆయన. ఇద్దరం ఎవరో ఒకరు పిలిస్తే బాగుండునని కూర్చున్నాం, ఒకరినొకరం మాత్రం పిలుచుకోలేదు.

"నన్ను తీసుకెళ్ళండి," అన్నాను.

ఇల్లు లేదన్నారు. పాక ఉందిగా అన్నాను. మంచినీళ్ళకి దూరం వెళ్ళాలన్నారు. వెళ్తానన్నాను. అత్తగారు కొంత నసిగారు కానీ, చివరికి ఆవిడే పచ్చళ్ళ జాడీలు సర్దిచ్చారు.

పామర్రులో బస్సు మారాం. అవనిగడ్డ, నాగాయలంక, అక్కణ్ణుంచి పడవ. దిగేసరికి నా ముక్కుకి తగిలింది నేననుకున్న వాసన కాదు. బురద, కుళ్ళిన నాచు, ఇసక మీద ఎండబెట్టిన చేపలు. చిన్నప్పుడు మంగినపూడిలో తెలిసిన వాసనే, ఇంకా పదింతలు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నా మొహం వంక చూసి సిగ్గుపడ్డారు, ఆ వాసన ఆయన తప్పయినట్టు.

పడవల పాకలోకి అడుగుపెట్టాక గాని నా గుండె కుదుటపడలేదు. సగం కట్టిన పడవ ఒకటి పక్కటెముకల్లాగా నిలబడి ఉంది. దాని కింద ముసలాయన ఉలి పట్టుకుని కూర్చున్నాడు. అక్కడ ఆ వాసన ఉంది. ఉన్నది ఉన్నట్టుగా ఉంది. పిన్ని, మా ఆయన ముసలమ్మని అలాగే పిలిచేవారు, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. సన్నటి మనిషి, ఎండకి నల్లబడి గట్టిపడిన చేతులు. నన్ను ఎగాదిగా చూసి, "బాబుకి తగ్గ పిల్లే," అంది.

నేను తెచ్చిన సీసా తీసి ఆవిడ చేతికిచ్చాను. మీ పాక వాసన బందరులో అత్తరు చేయించానని చెప్పాను. ఆవిడ మూత తీసి చూసింది. ముసలాయనకీ చూపించింది. ఆయన తల ఊపాడు. పిన్ని ఇంకోసారి చూసి, "అన్నీ ఉన్నాయమ్మా," అంది. "చేప ఏదీ?"

అందరం నవ్వాం. మా ఆయన అంత గట్టిగా నవ్వగా నేను వినడం అదే మొదలు.

మొదటి రోజులు బాగా గడిచాయి. ఆయన పని అవగానే తిన్నగా ఇంటికొచ్చేవారు. నేను వండింది తినేవారు. గట్టు మీద కాసేపు నడిచేవాళ్ళం. ఇన్నాళ్ళకి కాపురం చేస్తున్నానని నాకు గర్వంగా ఉండేది. కానీ కొద్దిరోజులకి మాటలు మళ్ళీ తగ్గిపోయాయి. ఆయన పాక ముందు కూర్చుని మొగ వైపు చూస్తూ ఉండేవారు. అక్కడ ఉలి చప్పుడు వినిపించేది. చీకటి పడే వేళకి అదీ ఆగిపోయేది. సముద్రం హోరు ఒక్కటే ఉండేది. గుడివాడలో మిల్లు చప్పుడు ఎలా ఉండేదో అలా, ఆగకుండా, ఎవరితోనూ సంబంధం లేకుండా.

పగలు నాకు చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. ఊరి ఆడవాళ్ళు చేపలు మోసుకుని పోతూ, ఓవర్సీరు గారి భార్యని కాబట్టి దూరం నుంచే తలవంచి వెళ్ళిపోయేవాళ్ళు. పిన్ని కూడా రాలేదు. నేను వచ్చిన రోజు చేపల కూర పంపింది, అంతే. నామీద ఏదో కోపమనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ళకి వెళ్ళాను. ఇసకలో తవ్విన చెలమ అది, గిన్నెతో తోడి బిందె నింపుకోవాలి. పిన్ని అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. నా బిందె కూడా తీసుకుని నింపడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండా అడిగింది.

"బాబుకి ఒంట్లో బాగానే ఉంటోందా అమ్మా?"

వాళ్ళ పాకకీ మా పాకకీ మధ్య కేకవేస్తే వినబడేంత దూరం. ఆయన రోజూ వాళ్ళ కళ్ళ ముందు నుంచే పనికి వెళ్తారు. ఆ మనిషి ఆరోగ్యం గురించి ఆవిడ నన్ను అడుగుతోంది.  బాగానే ఉన్నారు పిన్నీ అన్నాను. ఆవిడ ఇంకో గిన్నెడు నీళ్ళు తోడింది. ముసలాయన సాయంత్రం కాగానే గోనె పరుస్తున్నాడనీ, అలవాటు చొప్పున పరిచి మళ్ళీ తనే మడిచి పెడుతున్నాడనీ చెప్పింది. ఫిర్యాదులా చెప్పలేదు. ముసలివాళ్ళ చాదస్తం గురించి నవ్వుతాలుగా చెప్పినట్టు చెప్పింది.

బిందె చంకనెత్తుకుని ఇసకలో నడుస్తుంటే నీళ్ళు తొణికి చీరంతా తడిసింది. నా ఒంటరితనం పోవడానికి నేనిక్కడికి వచ్చాను. అది పోలేదు సరికదా, ఇంకో ఇద్దరికి పంచినట్టయింది. కొత్తగా పెళ్ళాం వచ్చిందని ఆయన అటు వెళ్ళడానికి మొహమాటపడుతున్నారు. పెళ్ళాం ఉంది కదా అని వాళ్ళు పిలవడానికి మొహమాటపడుతున్నారు.

ఆ సాయంత్రం ఆయన రాగానే, దీపం వెలిగించకుండా, తలుపు తడిక దగ్గరికి వేశాను. "పదండి," అన్నాను.

"ఎక్కడికి?"

"బాబాయి దగ్గరికి. పొయ్యి వెలిగించలేదు నేను. పిన్ని ఏం పెడితే అది తిందాం."

ఆయన చెప్పులు వేసుకునే దాకా కూడా ఆగలేదు.

ఆ తర్వాత అక్కడున్నన్నాళ్ళూ సాయంత్రాలు ఆ పాకలోనే. మగవాళ్ళిద్దరూ పడవకి ఆ చివర కూర్చునేవాళ్ళు. వాళ్ళు పెద్దగా మాట్లాడుకునేదేమీ ఉండేది కాదు. గాలి ఎటు తిరిగింది, ఏ పలక చీలింది, గట్టు ఎక్కడ కారుతోంది. మధ్యమధ్య చాలాసేపు ఊరికే ఉండేవాళ్ళు. ఆ ఊరికే ఉండటం కోసమే ఆయన అక్కడికి వెళ్ళేవారని నాకు అప్పుడు తెలిసింది. ఇవతల నేనూ పిన్నీ చేపలు తోమేవాళ్ళం.  పని అయ్యాక ఆవిడ ఒక నిమ్మచెక్క నా చేతిలో పెట్టేది, ఇంకోటి తను తీసుకునేది. గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకోమనేది. ఒకరోజు అలా రుద్దుకుంటూ తన పిల్లల గురించి చెప్పింది. ఒకడు పుట్టిన వెంటనే పోయాడు. ఇంకోడు నడక నేర్చాక, జ్వరంలో. బతికుంటే బాబు ఈడువాడట. చెప్పి, నిమ్మతొక్క ఎండలో పెట్టడానికి లేచి వెళ్ళింది.

కొన్ని నెలలకి నాకు ఆ వాసన తెలియడం మానేసింది. పాకలోకి వెళ్ళి గట్టిగా పీల్చినా ఏమీ ఉండేది కాదు, మామూలు గాలే. ఒకసారి గుడివాడ వెళ్తే మా తోడికోడలు నన్ను దగ్గరికి తీసుకుని, "నీకూ అంటిందేమిటే అత్తరు," అంది. నేను చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నాకేమీ తెలియలేదు.

అరవయ్యో దశకం మొదట్లో ఆయనకి గుడివాడ కాలవల ఆఫీసుకి బదిలీ అయింది. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. పురుడు సమయానికి ఊళ్ళో ఉండొచ్చని అందరూ మంచిదే అన్నారు. పడవ ఎక్కే రోజు పిన్ని రేవు దాకా వచ్చి, పడవ అంచు పట్టుకుని నీళ్ళలో మోకాళ్ళ లోతు దాకా నడిచింది. ముసలాయన రాలేదు. ఉలి చప్పుడు మాత్రం మేము మలుపు తిరిగే దాకా వినిపించింది. మా ఆయన అటు వీపు పెట్టి కూర్చున్నారు.

గుడివాడలో వేరుగా ఒక వాటా అద్దెకి తీసుకున్నాం. పాప పుట్టింది, తర్వాత బాబు. ఇంటినిండా పని, ఇంటినిండా చప్పుడు. నాకు ఒంటరిగా ఉండటానికి తీరిక లేదు. ఆ ఒంటరితనం ఆయనకి మిగిలింది. ఆఫీసు నుంచి వచ్చాక ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు అరుగు మీద ఈ చివర కాసేపు, ఆ చివర కాసేపు కూర్చునేవారు. పక్కవాళ్ళు పేకాటకి పిలిచేవాళ్ళు. వెళ్ళి చూస్తూ నిలబడి వచ్చేసేవారు. పిల్లల్ని ఎత్తుకుంటే వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవారు. కానీ దించేశాక మళ్ళీ అంతే. దివిసీమ వెళ్ళి చూసి వద్దామని నేను అనేదాన్ని. వెళ్దాం అనేవారు. వానలనీ, పిల్లకి పొంగు జ్వరం వచ్చిందనీ, ఆడిటు అనీ, ఎప్పటికప్పుడు వాయిదా పడేది.

ఒక వేసవిలో మా బావగారి స్నేహితుల ఇంట్లో పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికొడుకు వాళ్ళది బందరు. పందిట్లో మగవాళ్ళ చేతులకి అత్తరు రాస్తూ ఒకాయన వరసగా వస్తున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి నేను చూస్తూనే ఉన్నాను. మా ఆయన చెయ్యి చాపారు. రాయించుకున్నారు. ఆ చెయ్యి మొహం దగ్గరికి తీసుకెళ్ళి, అలాగే ఉంచేసి, కాసేపటికి లేచి పందిట్లోంచి బయటికి వెళ్ళిపోయారు. విస్తళ్ళు వేస్తున్నా తిరిగి రాలేదు. నేను తర్వాత ఆ అత్తరు సీసా అడిగి చూశాను. సాయిబు గారు మా అత్తరు చేయడం ఆపలేదన్నమాట. దానికి నిమ్మ అత్తరు అని పేరు పెట్టి, పెళ్ళిళ్ళకి అమ్ముతున్నారట. బందరులో బాగా పోతోందట.

ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీద ఉన్నారు. "పొద్దున్నే వెళ్దాం," అన్నారు. ఎక్కడికని నేను అడగలేదు. పిల్లల్ని అత్తగారి దగ్గర దించి బయల్దేరాం.

మొగ దగ్గర పడవ దిగితే పాక లేదు. గుంజలు పీకిన గుంటల్లో ఇసక నిండిపోయింది. వల బాగుచేసుకుంటున్న ఒకతన్ని అడిగితే, ముసలాయన పోయి రెండు వానాకాలాలు అయిందని చెప్పాడు. పలక ఎత్తుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడట, లేవలేదు. మాకు కబురు చెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఓవర్సీరు గారు ఎక్కడున్నారో ఊళ్ళో ఎవరికీ తెలియదు కూడా. పిన్నిని కృత్తివెన్ను దగ్గర ఆవిడ చెల్లెలి కొడుకు తీసుకెళ్ళాడట. మా ఆయన ఆ గుంటల మధ్య నిలబడి కాలితో ఇసక కదిలించారు. ఎక్కడైనా రంపపు పొట్టు కనిపిస్తుందేమోనని చూస్తున్నారనుకున్నాను. ఏమీ లేదు.

ఆ రాత్రికి బందరులో మా అమ్మ దగ్గర ఆగి, మర్నాడు కృత్తివెన్ను వెళ్ళాం. చెల్లెలి కొడుకు ఇల్లు ఉప్పుటేరు పక్కన ఉంది. ఇంటినిండా మనుషులు. పిన్ని ఒక మూల చూరు కింద కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గిపోయింది. మా ఆయన పిలవగానే గొంతు గుర్తుపట్టేసింది. "బాబేనా?" అంది. చేత్తో తడిమి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "అన్నం తిన్నావా?" అంది.

తినలేదన్నారు, తినే వచ్చినా. ఆవిడ లోపలికి కేకేసి పళ్ళెం తెప్పించి, దగ్గర కూర్చుని, తన చేత్తోనే కూర వేసింది. ఆ ఇంటివాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. ఎవరూ ఆవిడని ఒక మాట అనలేదు, ఆవిడతో ఒక మాట ఆడనూ లేదు. నాకు గుడివాడలో మొదటి ఏడాది గుర్తొచ్చింది.

"ఇక్కడ ఆయన్ని ఎరిగినోళ్ళు ఎవరూ లేరమ్మా," అంది నా వైపు తిరిగి. "పేరెత్తితే ఎవరి గురించో అనుకుంటారు."

అప్పుడు మా ఆయన మొదలుపెట్టారు. ముసలాయన గురించి చెప్పడం. ఒక పడవ బోల్తాపడితే దాని అడుగు తట్టి తప్పెక్కడుందో చెప్పిన సంగతి, గాలివానలో పాక కప్పు ఎగిరిపోతే దాని వెనక పరిగెత్తిన సంగతి, తను మొదటిసారి ఉలి పట్టుకుంటే వేలు తెగిన సంగతి. నేను ఎప్పుడూ వినని సంగతులు. ఆవిడ మధ్యమధ్య, అది కాదు బాబూ, ఇలా జరిగింది అని సరిదిద్దేది. నవ్వేది. మాట తక్కువ మనిషి ఆ మధ్యాహ్నమంతా ఆపకుండా మాట్లాడారు. పిల్లలు ఒకరిద్దరు వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. మేము ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సు దాకా చెప్తూనే ఉన్నారు.

మాతో వచ్చెయ్యమని అడిగాం. గుడివాడలో ఉండలేనంది. మళ్ళీ వస్తామన్నాం. రండి అంది.

బంటుమిల్లిలో బస్సు మారేటప్పుడు ఆయన నాకు టీ తెచ్చి ఇచ్చారు.  ఆ తర్వాత ఏడాది పిల్లల స్కూళ్ళు, మా అత్తగారి జబ్బు. మేము మళ్ళీ కృత్తివెన్ను వెళ్ళేసరికి ఆ చూరు కింద వల ఆరేసి ఉంది. ఎప్పుడు పోయిందని అడిగితే, ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మొన్న చలికాలంలో అనుకుంటా అన్నారు.